గ్రహశకలానికి ముహూర్తం

జయంతి ఇరవై ఒక్క ఏళ్లుగా ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకుంటోంది. ఈ మాట చెబితే కొత్తవాళ్లు ఆడిటరా అని అడుగుతారు. కాదు. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మాన్యువల్ టెస్టరు. నిన్నటి స్క్రీను పక్కన ఇవాళ్టి స్క్రీను పెట్టుకుని, ఏ బటన్ ఆవగింజంత పక్కకి జరిగిందో, ఏ గడిలో అంకె మాయమైందో కంటితో చూసి చెప్పడం ఆవిడ పని. ఆ కంపెనీలో తప్పు చేసినవాడికి అనుభవం వస్తుంది, దిద్దినవాడికి మెప్పు వస్తుంది, పట్టుకున్నవాళ్లకి మాత్రం "కాస్త ముందే చెప్పొచ్చు కదా" అన్న మాట వస్తుంది. ఇన్నేళ్లలో కొన్ని వేల తప్పులు పట్టుకుంది. ఒక్కదాని కిందా ఆవిడ పేరు మిగల్లేదు.

ఇప్పుడు ఆ పని కూడా యంత్రాలే చేసేస్తాయట. మాన్యువల్ టెస్టర్లలో ఎవరు ఉంటారో ఎవరు పోతారో నెలాఖరుకి చెబుతామని హెచ్‌ఆర్ వాళ్లు చాలా ప్రేమగా మెయిల్ పెట్టారు. మెయిల్ చివర నవ్వు బొమ్మ కూడా ఉంది.

ఇక ఆకాశం సంగతి. కంపెనీ ఏటా ఏదో ఒక సమాజసేవ చెయ్యాలి. పోయినేడు మొక్కలు నాటారు. నాటిన మొక్కలకి నీళ్లు పోయాలన్న విషయం తర్వాత తెలిసింది. ఆకాశానికి ఆ బెడద లేదు కాబట్టి ఈ ఏడు గ్రహశకలాల వేట పెట్టుకున్నారు. విదేశంలో ఒక కేంద్రం వాళ్లు పెద్ద టెలిస్కోపుతో తీసిన ఫొటోలు పంపుతారు. ఆకాశంలో ఒకే ముక్కని పావుగంటకొకటి చొప్పున నాలుగుసార్లు తీసిన ఫొటోలు. వాటిని కంప్యూటర్లో ఒకదాని వెంట ఒకటి తిప్పి చూస్తే నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా చుక్క కొంచెం కొంచెం జరుగుతూ పోతే అది కుజుడికీ గురుడికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరిగే రాయి కావచ్చు. అలాంటి రాళ్లు అక్కడ లక్షల్లో ఉన్నాయి. ఇంకా ఎవరి కంటా పడనివీ బోలెడు.

మొదటిరోజు నలభైమంది స్వచ్ఛందంగా వచ్చారు, పిజ్జా పెట్టారు కాబట్టి. రెండోవారం పిజ్జా ఆగింది, నక్షత్రాల మీద ప్రేమ కూడా ఆగింది. జయంతి ఒక్కతే మిగిలింది. చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. బాచుపల్లి నుంచి వచ్చే ఆఫీసు బస్సు ఆవిడని షిఫ్టుకి గంట ముందే దింపేస్తుంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదీ ఇరవైకి, కాఫీ చల్లారిపోతుండగా, ఆవిడ కంటికి ఒక చుక్క తగిలింది. ఫొటోలో కుడివైపు మూల, రెండు నక్షత్రాల నడుమ, దుమ్ము పడ్డట్టు బూడిదరంగులో ఉంది. రెండో ఫొటోలో రవ్వంత ఎడమకి జరిగింది. మూడోదాంట్లో ఇంకా రవ్వంత. నాలుగోదాంట్లోనూ అంతే దూరం, అదే దారి. జయంతి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. కెమెరా మచ్చ కాదు, మచ్చ కదలదు. తెలిసిన రాళ్లన్నీ కేంద్రం వాళ్ల పట్టికలో ఉంటాయి. పట్టికలో వెతికింది. ఆ చోట తెలిసిన రాయేదీ లేదు. రిపోర్టు నింపి, చూసినవారి పేరు దగ్గర తన పేరు రాసి, అక్కడికక్కడే పంపేసింది. అలా అడగకుండా పంపడం కంపెనీ పద్ధతులకి విరుద్ధమని ఆవిడకి అప్పటికి తెలియదు.

మధ్యాహ్నానికి జవాబొచ్చింది. కేంద్రం వాళ్లు పొగడ్తలు రెండు ముక్కల్లో ముగించి అసలు సంగతి రాశారు. ఒక రాత్రి చూసింది చాలదు. రెండో రాత్రి ఫొటోలు సోమవారం పంపుతాం. వాటిలోనూ ఇదే రాయిని చూపించి వెంటనే రిపోర్టు పంపండి. ఈ రాయి మీద ఇంకో నాలుగు టెలిస్కోపుల కన్ను పడే అవకాశం ఉంది. రెండు రాత్రుల లెక్క ఎవరిది ముందు చేరితే కనుక్కున్నవాళ్లు వాళ్లే.

జయంతి ఆ మెయిల్‌ని మూడుసార్లు చదువుకుంది. నాలుగోసారి మేనేజరు చైతన్యకి పంపింది. ఆ పంపడమే ఆవిడ చేసిన తప్పు.

చైతన్యకి ముప్పై మూడేళ్లు. మెయిల్లో మొదటి వాక్యం దాటి చదివిన దాఖలా లేదు. మొదటి వాక్యంలో "అభినందనలు" అని ఉంది. అతను దాన్ని తెల్లాపూర్‌లో విల్లా, జూబ్లీహిల్స్‌లో సిద్ధాంతి, కంపెనీలో వైస్ ప్రెసిడెంట్ కుర్చీ ఉన్న వెంకటనారాయణ గారికి పంపాడు. పదినిమిషాల్లో వెంకటనారాయణ గారే స్వయంగా జయంతి సీటు దగ్గరికి వచ్చారు. ఇరవై ఒక్క ఏళ్లలో అది మొదటిసారి. ఆయనకి ఆ సీటు ఎక్కడుందో తెలియక చైతన్య దారి చూపించాడు.

"జయంతి గారూ, మనవాళ్లు ఇంత పని చేస్తున్నారని నాకెవరూ చెప్పలేదండి. ఎంత ఉంటుందండి సైజు?" అన్నారు ఆయన.

"ఇప్పుడే చెప్పలేమండి. మనకి కనిపించేది వెలుగు ఒక్కటే. రాయి బొగ్గులా నల్లగా ఉంటే అంత వెలుగు ఇవ్వడానికి రెండు కిలోమీటర్ల పైన ఉండాలి. తెల్లటి రాయైతే ఒక్క కిలోమీటరు చాలు. రంగు తెలిస్తేగానీ కొలత తేలదు."

"గుండ్రంగానే ఉంటుంది కదా?"

"చిన్నవి గుండ్రంగా ఉండవండి. పెండలం దుంపలా ఎలాగైనా ఉండొచ్చు. ఎంతసేపటికి ఒక చుట్టు తిరుగుతుందో కూడా తెలియదు. చాలా రాత్రులు చూడాలి."

"మన మీద పడే ఛాన్స్ ఏమైనా ఉందా?"

"లేదండి. అది అక్కడే తిరుగుతుంది. ఒక చుట్టుకి నాలుగేళ్లు పడుతుంది."

వెంకటనారాయణ గారి మొహంలో కొంచెం నిరాశ కనిపించింది. అయినా మంచిమనిషి, సర్దుకున్నారు. శనివారం సాయంత్రానికి చైతన్య పోస్టరు తయారుచేశాడు. ఒకటనీ రెండనీ తేలని కొలతని అతను రెండూ కూడి మూడు చేశాడు. ఆదివారం తెల్లాపూర్ విల్లాల వాట్సాప్ గ్రూపుకి చేరేసరికి అది ఐదైంది, గచ్చిబౌలి నుంచి కొండాపూర్ దాటేంత అయింది. బొమ్మలో రాయి బంతిలా గుండ్రంగా ఉంది, వెనకాల మంటలు కూడా ఉన్నాయి. కనుక్కున్నవారి పేర్లలో మొదట వెంకటనారాయణ గారు, తర్వాత చైతన్య, ఆ తర్వాత హోదాల వరసలో ఇంకో తొమ్మిదిమంది. పన్నెండో పేరు జయంతిది. పేరైతే ఉంది కదా అని ఆవిడ సరిపెట్టుకుంది. నిజం చెప్పాలంటే సరిపెట్టుకోలేదు. పోస్టరు ఎవరిదైనా కానీ, ఆ కేంద్రం వాళ్ల పట్టికలో, రాయి ఉన్నన్నాళ్లూ ఉండే ఆ జాబితాలో, చూసినవారి గడిలో తన పేరుంటే చాలనుకుంది. నెలాఖరుకి ఉద్యోగం పోయినా అది పోదు. జీవితంలో ఆవిడ ఏదైనా ఇంత గట్టిగా కోరుకుని చాలా ఏళ్లైంది.

సోమవారం ఫొటోలు పొద్దున పదింటికి వచ్చాయి. రాయి ఎక్కడ ఉండాలో లెక్కకట్టి ఆ ముక్క ఆకాశాన్నే పంపారు. జయంతి ఫోను ఆపేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. గంటలో దొరికింది. అదే బూడిదరంగు చుక్క, అదే నడక. కొలతలన్నీ రెండుసార్లు సరిచూసుకుంది. పదకొండూ ఇరవైకి రిపోర్టు సిద్ధం. బటన్ నొక్కితే పని అయిపోయేది.

సరిగ్గా అప్పుడు చైతన్య వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మేడమ్, బయటికెళ్లే ప్రతి మెయిల్‌కీ ఇప్పుడు సార్ అప్రూవల్ కావాలి. శుక్రవారం మీరు డైరెక్టుగా పంపేశారని హెచ్‌ఆర్ అడుగుతోంది. నేనే ఏదో సర్దిచెప్పాను."

"మరి అప్రూవల్ ఇప్పించండి బాబూ. ఇది ఇవాళే వెళ్లాలి."

చైతన్య వెళ్లి వచ్చాడు. వచ్చేటప్పుడు వెంకటనారాయణ గారిని కూడా తీసుకొచ్చాడు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఇవాళ అమావాస్య కదండి. శుభమా అని మన కంపెనీ పేరు ఆకాశానికి ఎక్కుతుంటే అమావాస్య పూట పంపుతామా? రేపు పాడ్యమి, పైగా మంగళవారం. మా సిద్ధాంతిగారిని అడిగాను. కుజుడికీ గురుడికీ మధ్యలో ఉన్న వస్తువు కాబట్టి జాగ్రత్తగా ఉండాలన్నారు. బుధవారం విదియ, పదీ నలభై రెండుకి దివ్యంగా ఉందట."

ఈ వేట మొత్తం నడిచేదే అమావాస్యని పట్టుకుని. వెన్నెల ఉంటే ఇంత మసక చుక్కలు కనబడవు. అందుకే కేంద్రం వాళ్లు నెలనెలా అమావాస్య రోజులకి టెలిస్కోపు దొరికేలా చూసుకుంటారు. అమావాస్య లేకపోతే ఈ రాయే లేదు. ఆ ముక్క జయంతి చెప్పింది కూడా.

"అది చూడ్డానికండి. ఇది పంపడానికి" అన్నారు వెంకటనారాయణ గారు, తేడా ఓపిగ్గా వివరిస్తూ. "రెండ్రోజుల్లో రాయి ఎక్కడికి పోతుందండి. నాలుగేళ్లు తిరుగుతుందని మీరే అన్నారు కదా."

"రాయి పోదండి. వేరేవాళ్లు ముందు పంపేస్తారు. మెయిల్లో రాశారు."

"పాజిటివ్‌గా ఆలోచించండి" అని ఆయన ఆవిడ కుర్చీ వీపుమీద చెయ్యివేసి తట్టి వెళ్లిపోయారు.

స్క్రీను మీద రిపోర్టు అలాగే ఉంది. బటన్ ఆకుపచ్చగా మెరుస్తోంది. ఎవరూ చూడ్డం లేదు. జయంతి వేలు మౌసు మీద పెట్టింది. నొక్కితే ఏమవుతుందో ఆలోచించింది. శుక్రవారం అడగకుండా పంపిన తప్పుకి ఇంకొకటి కలుస్తుంది. నెలాఖరు జాబితా మీద సంతకం వెంకటనారాయణ గారిదేనని ఆవిడకి తెలుసు. ఇంటి లోను, కూతురు రసజ్ఞ బీటెక్ మూడో సంవత్సరం, భర్త మోకాళ్లు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వేలు తీసేసింది. భోజనానికి వెళ్లి పెరుగన్నం తిన్నది.

మంగళవారం గేటు దగ్గర ఆ పోస్టరు బొమ్మతోనే పెద్ద ఫ్లెక్సీ కడుతున్నారు. సెక్యూరిటీ యాదయ్య నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. జనగామ వైపు మనిషి, ఆరేళ్లుగా ఆ గేటు దగ్గరే. జయంతిని చూసి నిచ్చెన వదలకుండానే పలకరించాడు.

"అమ్మా, గీ రాయి మీరే దొర్కిచ్చుకున్నరంట గద. గిన్ని మంటలున్నయేంది దానికి?"

"మంటలేం లేవు యాదయ్యా. చల్లటి రాయి."

"మరి రాళ్ల పట్టికల రాసిన్రా మీ పేరు?"

"ఇంకా పంపలేదు. నిన్న అమావాస్యట. ఇవాళ మంగళవారమట. రేపు పంపుతారట."

యాదయ్య నిచ్చెన మీదున్నవాడికేసి ఒకసారి చూసి, మళ్లీ ఆవిడ వైపు తిరిగాడు.

"నిన్న నేను అమావాస్యని గేటు తెరవకుంటె సార్లు ఊకుందురా అమ్మా? నౌకరి తీసేద్దురు. మీరన్న జర పంపేస్తె అయిపోతుండె గద."

జయంతి తొందరగా లోపలికి నడిచింది. యాదయ్య మామూలుగా అన్న మాట అది. ఆవిడకి మాత్రం చెంప మీద కొట్టినట్టే తగిలింది.

బుధవారం పదింటికే ఏడో అంతస్తు హాలు నిండిపోయింది. మళ్లీ పిజ్జా పెట్టారు కాబట్టి నక్షత్రాల మీద ప్రేమ మళ్లీ పుట్టింది. వేదిక మీద దీపం, దాని పక్కన ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్‌కి బంతిపూల దండ, స్క్రీను వెనక కుంకుమబొట్టు. రిపోర్టులో పన్నెండు పేర్లూ చైతన్య తన చేత్తోనే నింపాడు. పదీ నలభై రెండుకి పది సెకన్లు ఉందనగా అందరూ కలిసి వెనక్కి లెక్కపెట్టారు. వెంకటనారాయణ గారు కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, బటన్ నొక్కారు. ఒక అమ్మాయి అక్షింతలు చల్లింది. కొన్ని కీబోర్డులో పడ్డాయి.

వచ్చిన రిపోర్టును పట్టికతో పోల్చి వెంటనే జవాబిచ్చే ఏర్పాటు ఆ కేంద్రం వాళ్లది. నిమిషంలో వేదిక వెనకాల పెద్ద తెరమీద జవాబు ప్రత్యక్షమైంది. మొదటి వాక్యం "ధన్యవాదాలు". చైతన్య దాన్ని గట్టిగా చదివాడు. చప్పట్లు మోగాయి. తర్వాతి రెండు వాక్యాలూ హాలంతటిలో జయంతి ఒక్కతే చదివింది. ఈ రాయిని నిన్న ఉదయం వేరే టెలిస్కోపు వాళ్లు రెండు రాత్రుల లెక్కతో నమోదు చేశారు, కనుక్కున్నది వారు. మీ పరిశీలనలను అదనపు సమాచారంగా భద్రపరిచాం.

నిన్న ఉదయం. ఆవిడ రిపోర్టు మొన్ననే సిద్ధంగా ఉంది.

జయంతికి శాలువా కప్పారు. గాజు జ్ఞాపిక చేతిలో పెట్టారు. దానిమీద కూడా మంటలున్నాయి. "జయంతి గారు రెండు మాటలు మాట్లాడతారు" అని చైతన్య మైకు అందించాడు. ఆవిడకి మైకు పట్టుకోవడం కొత్త.

"ఈ రాయి మనది కాదండి. వెనకాల తెరమీద రాసి ఉంది, చదవండి. నిన్న పొద్దున వేరేవాళ్లు నమోదు చేశారు. దాని పొడవు మూడో ఐదో కూడా కాదు, మనకి తెలియదు. మంటలు లేవు. సోమవారం పదకొండూ ఇరవైకి రిపోర్టు నా దగ్గర సిద్ధంగా ఉంది. బటన్ మీద వేలు కూడా పెట్టాను. నేను పంపలేదు. అది నా తప్పు."

ఎవరో పిజ్జా నమలడం ఆపేశారు. వెంకటనారాయణ గారు తెరవైపు తిరిగి చదివారు. చదివింది అర్థమైందని మొహం చూస్తేనే తెలుస్తోంది. నవ్వుతూ ముందుకొచ్చి, ఆవిడ చేతిలోంచి మైకు మెల్లిగా తీసుకున్నారు.

"చూశారా" అన్నారు, గద్గదంగా. "ఇంత సాధించి కూడా తప్పు తనదే అంటున్నారు. ఇదండీ వినయం అంటే. ఇంకో అంతర్జాతీయ సంస్థ కూడా మన రాయిని నిర్ధారించిందని ఇప్పుడే తెలిసింది. గట్టిగా చప్పట్లు కొట్టాలి."

అంతకుముందు కన్నా గట్టిగా కొట్టారు. వెనక వరసలో కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు.

జయంతి లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి తన సీటుకి చేరింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం వెంకటనారాయణ గారి మీద అనుకుంటే మనసు తేలికపడేది. కానీ ఆయన అమావాస్యకి భయపడ్డారు, అమావాస్య కనీసం ఆకాశంలో ఉంటుంది. తను భయపడింది తెల్లాపూర్‌లో ఉండే ఒక మనిషికి. ఇద్దరిలో ఎవరిది పెద్ద మూఢనమ్మకమో ఎవరైనా చెప్పగలరు.

ఈ నెల వేటలో ఆఖరి విడత ఫొటోలు మెయిల్లో వచ్చి ఉన్నాయి. శాలువా కుర్చీకి తగిలించి, తెరిచి చూసింది. నాలుగేసి ఫొటోల కట్టల్లో మొదటి రెండింట్లో ఏమీ లేదు. మూడోదాంట్లో, కింది అంచున, ఒక చుక్క. మూడు ఫొటోల్లో కదిలింది. నాలుగోదాంట్లో ఒక నక్షత్రానికి బాగా దగ్గరగా పోయి, ఉందో లేదో తెలియకుండా ఉంది. పట్టికలో వెతికింది. ఆ చోట ఎవరూ లేరు.

రిపోర్టు నింపుతుంటే చైతన్య పిజ్జా ముక్క ప్లేటులో పట్టుకుని వచ్చాడు.

"మేడమ్, మీకోసం తెచ్చాను. స్పీచ్ చాలా బాగుంది" అని, స్క్రీను చూసి ఆగిపోయాడు. "ఇదేంటి, ఇంకోటా? సార్‌కి చెప్పాలి కదా. పైగా టైము పన్నెండూ యాభై, బుధవారం రాహుకాలం ఒంటిగంటన్నర దాకా ఉంటుంది. హెచ్‌ఆర్ వాళ్ల లిస్టు కూడా ఇంకా ఫైనల్ కాలేదు మేడమ్. మీ మంచికే చెబుతున్నా."

"తెలుసు బాబూ" అంది జయంతి.

చూసినవారి గడిలో తన పేరు రాసింది. కింద పదకొండు ఖాళీలు ఖాళీగానే వదిలేసింది. చైతన్య చూస్తుండగానే బటన్ నొక్కి, పిజ్జా ప్లేటు అందుకుంది.